మోకాళ్ళ నొప్పికి గురూజీ చేసిన తర్జుమా

మొన్న ఆదివారం మా బడిలో జరిగింది వింటే మీరు తాగుతున్న చాయ్ ముక్కులోంచి వస్తది. నేనైతే ఇంకా తేరుకోలేదు!

ముందు అసలు సంగతి చెప్పాలె. కొన్నాళ్ళుగా దొడ్డికి కూచుంటే గాజుపెంకుతో గీసినట్టు మంట. తరువాత ఎర్రగా రక్తం. ఆ నెత్తురు చూసిన నాడే నాకు నేనే తేల్చేసుకున్న, ఇది క్యాన్సరే అని! ఇంటామెకు చెప్తే ఏడుస్తది, ఊళ్ళో చెప్తే నవ్వుతరు. ఎవరికీ చెప్పలే. పాఠాలన్నీ నిలబడే చెప్తున్న. "గురూజీకి పనంటే ఎంత శ్రద్ధో" అని ఊళ్ళో నాకు మంచి పేరు కూడా వచ్చింది!

అప్పుడే మా బడిలో మెడికల్ క్యాంపు పడ్డది. డాక్టరు చామోర్షి దిక్కు నుంచి వచ్చిన మరాఠీ మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. మహారాష్ట్రలో ఉన్నా తెలుగు మాట్లాడే మా సిరొంచ వైపు ఇది మామూలే. సర్కారు మనిషి మరాఠీలో అడుగుతడు, మా ముసలోళ్ళు తెలుగులో చెప్తరు, నడుమ బడి గురూజీ, అంటే నేను, నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరేస్త.

క్యాంపంటే ఐదో తరగతి గదే. తలుపు బార్లా తెరిచి ఉంది. కిటికీల నిండా తలకాయలు. ఓ మూల దుప్పటి అడ్డం కట్టినం. ఏ రోగం చెప్పుకున్నా ఊరంతా వింటది. అయితే మరాఠీలో చెప్పుకుంటే? ఇగో, ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది!

మల్లయ్య వచ్చి కూచున్నడు. ఏటి ఒడ్డున వరి పండించే పెద్దాయన.

"ఏమైంది మల్లన్నా?"

"మోకాళ్ళు, గురూజీ. జర గుంజుతున్నయి."

నేను డాక్టరు వైపు తిరిగి మరాఠీలో ఏమన్ననో తెలుసా? "ఈయనకు మలద్వారం దగ్గర మంటట, రక్తం కూడా పడుతదట!"

నా ఆలోచన చాలా చక్కగా ఉందనుకున్న. డాక్టరు "ఏం భయం లేదు" అని గోలీలు ఇస్తడు. అవి నా జేబులోకి. మోకాళ్ళ మందు వేరే అడిగి మల్లయ్యకు. ఎవరికీ నష్టం లేదు.

"రక్తం ఎర్రగనా, నల్లగనా?" అని డాక్టరు.

"ఎర్రగ!"

"మంట ఎంతసేపు ఉంటది?"

"పాఠం అయ్యేదాక... అంటే, చానాసేపు!"

మల్లయ్య వైపు చూడకుండానే టకటకా జవాబులు చెప్తున్న. డాక్టరు కళ్ళద్దాల మీది నుంచి నన్నొక చూపు చూసి, చేతికి రబ్బరు తొడుగు తొడుక్కున్నడు. "చూడాలె. దుప్పటి వెనక ఎడమ పక్కకు తిరిగి, కాళ్ళు ముడుచుకొని పడుకోమను."

నా పై ప్రాణాలు పైనే పోయినయి! మోకాళ్ళ నొప్పని వచ్చినాయనను ధోతి విప్పుమని నేనెట్ల చెప్పాలె?

"మల్లన్నా," అన్న, "డాక్టరు సాబ్... కింద చూస్తనంటున్నడు... కూసునే కాడ. నీకిష్టం లేకుంటే వద్దను, అసలు తప్పు నా..."

మల్లయ్య నా ముఖం చూసిండు, తొడుగు చూసిండు. లేచి దుప్పటి వెనక్కి పోయిండు!

లోపల టార్చి వెలిగింది. "గురూజీ," డాక్టరు పిలిచిండు, "నువ్వు చెప్పింది నిజమే. చర్మం చిట్లింది."

ఏంది! నిజమెట్లయితది? నేను చెప్పింది నా రోగం కదా!

మల్లయ్య ధోతి సర్దుకుంట వచ్చి నా చేతులు పట్టుకున్నడు. "కోడలు లైన్ల నిలవడ్డది గురూజీ, గందుకే మోకాళ్ళన్న. నీకెట్ల ఎరుకైంది? ముఖం జూస్తె తెలుస్తదా?"

ఏం చెప్పమంటరు? అవునన్నట్టు తలూపిన.

డాక్టరు సుద్దముక్కను సగానికి విరిచి, "మలద్వారం నాళం గింతే పొడుగు" అని నల్లబల్ల మీద బొమ్మ గీసిండు. చుట్టూ రెండు కండరాల కట్లు. బయటిది మన మాట వింటది, లోపలిది వినదు, దాని ఇష్టం దానిదే. నడుమ రంపపు పళ్ళలాంటి ఒక గీత. గీతకు పైన మొలలు వచ్చి రక్తం కారినా సాధారణంగా నొప్పి తెలియదు. గీతకు కింద చిన్న చీలిక పడ్డా చుక్కలు కనపడతయి. పైగా వచ్చింది గాలా, గట్టిదా అని పసిగట్టేది కూడా ఆ చోటేనట! సగం సుద్దముక్కంత జాగాలో ఇంత కథ! నేనేమో ఇన్నేళ్ళు జీర్ణవ్యవస్థ పాఠంలో "చివరకు మలం బయటకు పోవును" అని ఒక్క వాక్యం చెప్పి గంట కొట్టించేటోణ్ణి!

"నీళ్ళు ఎక్కువ తాగాలె, ఆకుకూరలు తినాలె, వెడల్పాటి టబ్బుల గోరువెచ్చని నీళ్ళు పోసుకొని అండ్ల కూసోవాలె" అని డాక్టరు చెప్పింది మల్లయ్యకు తర్జుమా చేసిన. ఆయన తలూపి బయటికి పోయిండు. కానీ నా భయం నాకట్లనే ఉంది. మెల్లగా మరాఠీలో అడిగిన, "ఇంకొకాయనకు కూడా ఇట్లాగే ఉంటే, ఇదే అనుకోవచ్చునా సాబ్?"

"చూడకుండ చెప్పొద్దు. ఒక్కోసారి రక్తం వెనక పెద్ద రోగం దాక్కుంటది." డాక్టరు కొత్త తొడుగు తీసిండు. "ఆ ఇంకొకాయన పొద్దటి నుంచి కూచోకుండ నిలబడే ఉన్నడు. దుప్పటి వెనకకు రమ్మను."

పోయిన. పడుకున్న. కళ్ళు గట్టిగా మూసుకున్న. వెనక టార్చి వెలిగింది. భార్యాపిల్లలందరికీ మనసులోనే వీడ్కోలు చెప్పేసిన.

"క్యాన్సరు గీన్సరు ఏం కాదు. నీదీ చీలికనే. మానిపోతది."

అబ్బ! ఆ సంతోషం ఏం చెప్పాలె! కళ్ళల్ల నీళ్ళు తిరిగినయి. బట్టలు సర్దుకొని ఇవతలికి వచ్చి, "హమ్మయ్య!" అంటూ ఎదురుగా కనపడ్డ కర్రకుర్చీలో దబ్బున కూలబడ్డ.

గీతకు కింద చీలిక! ఆ క్షణం అది నాకు యాదికి లేదు!

నేను వేసిన కేకకు కిటికీల తలకాయలన్నీ లోపలికే వచ్చినయి. డాక్టరు టార్చి కింద పడ్డది. మల్లయ్య పరుగెత్తుకొచ్చి నన్నూ, కుర్చీనీ, నల్లబల్ల మీది బొమ్మనూ మార్చి మార్చి చూసి, "ఓహో... ముఖం జూసి కాదన్నట్టు!" అన్నడు.

మరునాడు ప్రాణహిత రేవుకు పోయిన. అవతలి ఒడ్డు నుంచి పడవ తెచ్చినాయన నాకు ముఖపరిచయమైనా లేదు. పడవ ఎక్కినోళ్ళందరినీ "కూసోండ్రి, కూసోండ్రి" అని కసురుతున్నడు. నా వంతు వచ్చేసరికి గొంతు తగ్గించి అన్నడు: "గురూజీ, నువ్వు నిలవడే రా, పర్వలేదు. వేడినీళ్ళల్ల మాత్రం మరువకుండ కూసో!"