గుమ్మంలో కూర్చున్న అవ్వ

ధర్మపురిలో మా ఇంటి ముందుగదిలో మూడో క్లాసు పిల్లలకు ట్యూషన్ చెప్పే రోజుల్లో నన్ను అందరికంటే ఎక్కువ విసిగించింది ఒక అవ్వ. మనవరాలిని వదిలి వెళ్ళేది కాదు, గుమ్మంలోనే కూర్చునేది. నేను ఆ పిల్లను "ఏడు ఎనిమిదులు ఎంత?" అని అడగడమే ఆలస్యం, అవ్వ "యాభై ఆరు!" అనేసేది. ఆమెకు అక్షరం రాదు. సంతలో చింతపండు అమ్మి నేర్చుకున్న లెక్కలవి.

"పరీక్షకు కూడా మీరే పోయి రాస్తారా అవ్వా?" అంటే, "బిడ్డ బెదురుకుంటాది గదమ్మా, అందుకే చెప్పినాను" అనేది.

ఒకరోజు ఓపిక నశించి, ఆమెను బయటికి పంపి తలుపు వేశాను. "తొమ్మిది ఆర్లు ఎంత?" అని అడిగితే పిల్ల ముందు బిక్కమొహం వేసింది. తర్వాత వేళ్ళు లెక్కపెట్టుకుని, "తొమ్మిది ఆర్లు యాభై నాలుగు, మిస్" అంది, గట్టిగానే.

సంతోషం పట్టలేక తలుపు తీశాను. అవ్వ కిటికీ పక్కన నిలబడి, కొంగుతో నోరు అదిమిపట్టుకుని ఉంది.

"విన్నారా?" అన్నాను.

ఆమె కొంగు తీసింది. "ఇన్నినాళ్ళూ దాని నోరు నేనే మూసినానా, టీచరమ్మా?"

అవునని అరవాలని నెలల తరబడి అనుకున్నదాన్ని. అప్పుడు మాత్రం పక్కకు జరిగి, ఆమెకు గుమ్మంలో చోటిచ్చాను.