తొట్టి మీద తువ్వాలు

మనావుస్ ఊరి రేవు దగ్గర జుల్మీరా ముప్పై ఏళ్లుగా బోదో చేపల పులుసు అమ్ముతోంది. బోదో అంటే ఒళ్లంతా గట్టి పెంకున్న నల్ల చేప, రాళ్ల మీది పాచి గీరుకు తిని బతుకుతుంది. అలాంటిదొకటి ఆమె వంటింట్లో గాజు తొట్టిలో ఉంది. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడి తొట్టికి పచ్చగా పాచి పడుతుంది. ముందు అద్దాన్ని ఆమె రోజూ పాత బస్సు కార్డుతో గీకేస్తుంది, వెనక అద్దం జోలికి మాత్రం పోదు. ఒకసారి మొత్తం తోమేస్తే వారానికల్లా చేప చిక్కిపోయింది. సంతలో పొట్ట నొక్కి బలిసిన బోదోలను ఏరే ఆమె బొటనవేలికే ఆ సంగతి తెలిసింది.

ఈమధ్య తొట్టి మీద తువ్వాలు కప్పుతోంది.

“ఎందుకక్కా అది?” అంది పక్కింటి నెయ్‌జా.

“వెలుతురు తగ్గితే పాచి తగ్గుద్ది.”

“ఎండొచ్చేది మధ్యాహ్నం కదా! పొద్దున్నే కప్పి, ఎండొచ్చే వేళకి తీసేస్తావేంటి?”

జుల్మీరా తువ్వాలు అంచులు కిందికంటా లాగి సర్దింది. తర్వాత ఆ పొద్దున పులుసు కోసం సంత నుంచి తెచ్చిన బుట్టలో కొట్టుకుంటున్న బోదోల్లోంచి ఒకదాన్ని తీసి, పీట మీద పెట్టి, కత్తి వెనకవైపుతో తల మీద ఒక్కటేసింది.