కుంకుడు నురుగు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. చదువు పదో తరగతితో ఆగినా, సూర్యాపేట లైబ్రరీలో సైన్సు పుస్తకాల బీరువా మొత్తం చదివినవాణ్ణి. ఏ వింతకైనా ఒక కారణం ఉంటుందనే ఇప్పటికీ అంటాను.

ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ఆక్సిజన్ పైపులు చూసుకుంటాను. నాకు పని నేర్పింది మల్లయ్య మామ. లీకు పట్టడానికి అందరూ అతుకులకు సబ్బునీళ్లు పూసి బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తారు. ఆయన మాత్రం కుంకుడుకాయలు నానబెట్టి ఆ నురుగే పూసేవాడు.

అంతరిక్ష కేంద్రంలో గాలి లీకైతే ఏం చేస్తారో నేను చదివి ఆయనకు చెప్పాను. లోపలివాళ్లు గదుల తలుపులు ఒక్కొక్కటే మూసి, ఎక్కడ ప్రెషర్ పడుతుందో చూస్తారు. ఆ గదిలో టీ ఆకులు వదిలితే, అవి తేలుతూ పగులు దగ్గరికే పోతాయి.

"గాడ కుంకుడుకాయలు దొరకవు గద, పాపం," అని నవ్వాడు మామ.

ఆయన చనిపోయిన ఏడాదికి, ఒక మధ్యాహ్నం మా పైపులో ప్రెషర్ పడిపోసాగింది. ఆడవాళ్ల వార్డులో ముగ్గురు ఆక్సిజన్ మీద ఉన్నారు. అందులో ఒకరు మా చిన్నమ్మ. వాళ్లను చిన్న సిలిండర్ల మీదికి మార్చారు. అవి గంటకు మించి రావు. కొత్త సిలిండర్ల బండి ఇంకా కోదాడ దాటలేదు.

నేను కంగారు పడలేదు. చదివిన పద్ధతిలోనే వాల్వులు ఒక్కొక్కటే మూశాను. ఆడవాళ్ల వార్డుది మూయగానే గేజీ ముల్లు ఆగింది. లీకు అక్కడే.

"ఏం రాకెట్ సారూ, ఇంకెంతసేపు? అరగంటనే ఉన్నది," అంది నర్సు సునీతక్క. నా అంతరిక్షం కబుర్లు విని నాకు పెట్టిన పేరది.

"దొరికినట్టే అక్కా."

వాల్వు మళ్లీ తెరిచి, కనిపించే అతుకులన్నిటికీ సబ్బునీళ్లు పూశాను. ఒక్క బుడగ రాలేదు. చిన్నమ్మ మంచం వెనక చెక్కపలక కింద ఉన్న అతుకు ఒక్కటే మిగిలింది. పలక స్క్రూల మీద పాత రంగు ఎక్కడా పగల్లేదు. కత్తితో గీకి తీయాల్సి వచ్చింది.

లోపల అతుకు మీద అప్పటికే నురుగు ఉంది. తడిగా, తాజాగా. దాని మధ్య ఒక బుడగ ఉబ్బుతోంది.

నట్టు అరచుట్టు బిగించాను. బుడగ ఆగింది. గేజీ ముల్లు నిలబడింది.

సునీతక్క వంగి చూసింది. "తలంటుకునే కుంకుడు వాసనొస్తుంది. నువ్వే పూసినవా?"

నా చేతిలో ఉన్నది గిన్నెలు తోమే సబ్బునీళ్ల సీసా.

నాలుగు రోజులకు చిన్నమ్మ కోలుకుని తన ఊరు చిలుకూరు వెళ్లిపోయింది. నేను గడియారం ముందు పెట్టుకుని కుంకుడు నురుగు ఎంతసేపు నిలుస్తుందో చూశాను. పావుగంటలో కూలిపోయింది. పలక వెనకాలకు వేరే దారి ఉందేమోనని తట్టి చూశాను. గట్టి ఇటుక గోడ.

కారణం ఉండే ఉంటుంది. నాకైతే దొరకలేదు.

ఇప్పుడు నా సంచిలో కుంకుడుకాయలు కూడా ఉంటాయి. ఇది ఏ పుస్తకంలో చదివావని కొత్త డాక్టరు అడిగాడు. "పుస్తకం కాదు సార్, మల్లయ్య మామ," అన్నాను.