మనవడికి తల్లిపాలు మాన్పించింది నేనే

పురిటికి మా ఇంటికి వచ్చిన మా అమ్మాయి మౌనికకు కొడుకు పుట్టిన పద్దెనిమిదో రోజు సాయంత్రం. మిరప కళ్లంలో తాలుకాయలు ఏరి ఇంటికి వచ్చేసరికి పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మొహం కందగడ్డలా అయింది. కాళ్లు పొట్టలోకి ముడుచుకుంటున్నాడు. మౌనిక రొమ్ము అందిస్తే రెండు గుక్కలు తాగి తల తిప్పేసుకున్నాడు. అది ఆకలి ఏడుపు కాదని నాకు తెలిసిపోయింది.

మాది రొంపిచెర్ల దగ్గర పల్లె. ఇరవై ఏళ్లుగా మా ఊళ్లో పురిటి బిడ్డలకు నీళ్లు పోసేది నేనే. ఎవరింట్లో పసిబిడ్డ ఏడ్చినా నన్నే పిలుస్తారు. అలాంటిది ఆ సాయంత్రం రెండు గంటలు ఎత్తుకుని తిరిగినా వాడు ఊరుకోలేదు. మర్నాడు అదే వేళకు మళ్లీ మొదలు. ఆ మర్నాడూ అంతే. వాము మూటకట్టి గోరువెచ్చగా పొట్టకు కాపడం పెట్టాను. చేతి మీద బోర్లా వేసుకుని వీపు నిమిరాను. కాసేపు తగ్గి మళ్లీ అందుకునేవాడు.

వారం చూసి నరసరావుపేటలో పిల్లల డాక్టరమ్మకు చూపించాం. బరువు తూచింది, పొట్ట నొక్కి చూసింది, రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోస్తున్నాడని అడిగింది.

"బరువు బాగా పెరుగుతున్నాడు. పాలు సరిపోతున్నాయి. ఇలా రోజూ ఒకే వేళకు వచ్చే ఏడుపును కోలిక్ అంటారు. మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గిపోతుంది. తల్లిపాలే ఇవ్వండి. జ్వరం వచ్చినా, పచ్చగా వాంతులైనా, పాలు తాగకపోయినా వెంటనే తీసుకురండి" అంది.

బస్సులో నేను సణుగుతూనే ఉన్నాను. "టెస్టు లేదు, స్కాన్ లేదు, మందు లేదు. ఇదేం వైద్యమే?"

"బాగానే ఉన్నాడంది కదమ్మా" అంది మౌనిక.

నేను వినలేదు. ముందు దానికి పప్పు, వంకాయ, కారం మాన్పించాను. చారన్నం తిని బిడ్డకు పాలిచ్చేది. ఏడుపు మాత్రం తగ్గలేదు. ఒకరోజు పక్కింటి రమణ గోడ మీదుగా నవ్వుతూ, "ఊళ్లో పిల్లలందర్నీ ఊరుకోబెడతావు, నీ మనవడి సంగతేంది అక్కా?" అంది. సరదాకే అంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. తప్పు నా చేతిది కాదని తేలాలి. అందుకు నా కూతురే దొరికింది.

"నీ పాలే పడటంలా వాడికి. మాన్పిద్దాం" అన్నాను.

"డాక్టరమ్మ ఇయ్యమంది కదమ్మా."

"నేను చానా మంది పిల్లల్ని చూశానే. చెప్పింది ఇను."

నెల రోజులుగా కంటినిండా నిద్రలేని పిల్ల. నా మొహంలోకి ఒకసారి చూసి బిడ్డను నా చేతికిచ్చింది. పాలు ఇంకిపోవడానికి నేనే మల్లెపూలు గుచ్చి గుండెలకు కట్టాను. బిడ్డకు సీసాతో డబ్బాపాలు పట్టాను. వాడు ఏడ్చినప్పుడల్లా దాని రవిక తడిసిపోయేది. స్నానాల గదిలోకి వెళ్లి పిండుకుని వచ్చేది. డబ్బాపాలు తాగినా వాడి ఏడుపు వాడు ఏడుస్తూనే ఉన్నాడు. అయినా దాని పాలదే తప్పన్న మాట నేను వెనక్కి తీసుకోలేదు.

రెండు వారాలకు వాడికి లూజ్ మోషన్స్ పట్టుకున్నాయి. రెండో రోజుకు కళ్లు లోపలికి పోయాయి, పొద్దుటి నుంచి మూత్రం లేదు. ఆ డాక్టరమ్మే అడ్మిట్ చేసుకుంది. "డీహైడ్రేషన్" అంటూ సెలైన్ పెట్టించింది. నరం దొరక్క రెండు చేతులూ, ఒక పాదమూ పొడిచారు. అప్పటికి వాడికి ఏడ్చే ఓపిక కూడా లేదు. అన్నాళ్లు ఏ ఏడుపు ఆగాలని దేవుళ్లకు మొక్కానో, ఆ ఏడుపు కోసమే ఆ పూట ఎదురుచూశాను.

"సీసాపాలకు ఇలాంటివి త్వరగా పట్టుకుంటాయి. తల్లిపాలు ఎందుకు ఆపారు?" అని డాక్టరమ్మ అడిగింది. మౌనిక తల దించుకుంది. నా పేరు చెప్పలేదు.

"నేనే మాన్పించానమ్మా" అన్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. మౌనిక వైపు తిరిగి, "నీ పాలల్లో ఏ లోపమూ లేదమ్మా" అంది. ఆ మాటకు నా కూతురు వార్డులో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది.

వాడు నాలుగు రోజులకు కోలుకున్నాడు. పాలు మళ్లీ పడే అవకాశం ఉందని, రెండు గంటలకోసారి రొమ్ముకు పట్టిస్తూ ఉండమన్నారు. మూడు వారాలు పట్టించింది. నాలుగు చుక్కలు వచ్చేవి. సీసాకు అలవాటుపడినవాడు ఆ చుక్కల కోసం ఆగేవాడు కాదు. ఒకరోజు రవిక సర్దుకుని, "ఇంక చాలమ్మా. వాడికి నాతో పనిలేదు" అంది.

నాలుగో నెలలో ఆ సాయంత్రపు ఏడుపు దానంతటదే పోయింది. ఏ రోజు ఆగిందో కూడా మేం గమనించలేదు.

ఇప్పుడు వాడికి ఏడాదిన్నర. వెల్దుర్తిలో అమ్మానాన్నల దగ్గర ఉంటాడు. బాగా నడుస్తాడు, నన్ను చూస్తే పరుగెత్తుకొస్తాడు. మౌనిక నాతో బాగానే మాట్లాడుతుంది. కానీ మొన్న నేను వెళ్లినప్పుడు ఎదురింటి పిల్ల అరుగు మీద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. మౌనిక ఒక్క క్షణం చూసి లోపలికి వెళ్లిపోయింది. వెనకాలే వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పటికీ బిడ్డలకు నీళ్లు పోస్తున్నాను. వెళ్లిన ప్రతి ఇంట్లో ఒక్క మాట చెప్పి వస్తాను. సాయంత్రం బిడ్డ ఏడిస్తే ఒకసారి డాక్టరుకు చూపించండి. తర్వాత గంటసేపు మీరు ఎత్తుకుని తిరగండి, ఆ తల్లిని పడుకోనివ్వండి. డాక్టరు చెప్పందే పాలు మాత్రం మాన్పించకండి.