ఐసు గదిలో కొవ్వొత్తి

పోయిన వారం మా పేటకు దగ్గరలోని గ్రంథాలయంలో పాత పుస్తకాలను గోనె సంచుల్లోకి సర్దుతున్నారు. చెదలు పట్టినవీ, అట్టలు ఊడినవీ, ఏళ్ళ తరబడి ఎవరూ ఇంటికి తీసుకెళ్ళనివీ ఒక మూల పోగు పోశారు. ఆ గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదని చెప్పుకోవడం నాకు అలవాటు. అందుకని ఏయే పుస్తకాలకు కాలం చెల్లిందో చూద్దామని పోగు పక్కనే చతికిలబడ్డాను. నాలుగో పుస్తకం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆకుపచ్చ అట్ట. సైన్సు గ్రూపు తీసుకోని డిగ్రీ విద్యార్థుల కోసం రాసిన సైన్సు పుస్తకం. మొదటి సగం రసాయన శాస్త్రం, రెండో సగం జీవశాస్త్రం. రెండింటికీ మధ్యనున్న ఖాళీ పేజీ మీద పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో, "ఇంతవరకు అయింది" అని రాసి ఉంది. ఆ అక్షరాలు నావే. పుస్తకాన్ని ముక్కుకు దగ్గరగా పెట్టుకున్నాను. మాగిన కాగితం వాసన వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. వాసన వస్తే నిమ్మళించడం, రాకపోతే హడలిపోవడం ఇరవై ఏళ్ళుగా నాకున్న జబ్బు.

మాది జాలరిపేట. నాన్న, మావయ్య ఒకే మరబోటు మీద వేటకు వెళ్ళేవారు. మావయ్య అంటే అమ్మకు తమ్ముడు, ఆ బోటు నడిపే సరంగు. నాన్నకు మాట తక్కువ, అనుమానం ఎక్కువ. మావయ్యకు రెండూ తలకిందులు. మావయ్య ముక్కు మా పేటలో ఒక వింత. చేపలమ్మే అత్త గంపలోకి ఎత్తే ప్రతి చేపనూ ముందు ఆయన మొప్ప ఎత్తి వాసన చూడాలి. "ఇది నిన్నటిదే, దీన్ని పక్కనెట్టు" అంటే ఇక తిరుగు లేదు. విశాఖపట్నంలో దిక్కులు చెప్పడానికి కూడా ఆయనకు ముక్కే చాలు. పోర్టు వైపు నుంచి గాలి తిరిగితే బొగ్గు పొడి, హార్బరు వైపు నుంచైతే డీజిలూ ఎండు చేపలూ, వాన ముందు సముద్రం మీంచి పచ్చి ఇనుము లాంటి ఒక వాసన. ఆ చివరిది మాకెవ్వరికీ తెలిసేది కాదు. ఆయన "వత్తంది" అన్న గంటకు వాన మాత్రం వచ్చేది.

నేను ఇంటర్లో హిస్టరీ తీసుకున్నదాన్ని. డిగ్రీ దూరవిద్యలో కట్టాను. అందులో సైన్సు పేపరు ఒకటి తప్పనిసరి. ఆదివారాలు దువ్వాడలో ఒక కాలేజీలో క్లాసులు జరిగేవి. బస్సులో గంటన్నర, అందులో సగం నిలబడే. మాకు సైన్సు చెప్పే మేడమ్ పొద్దున్నే చర్చిలో ఆరాధన ముగించుకుని, ఒకే సంచిలో బైబిలూ సుద్దముక్కల డబ్బా పెట్టుకుని తెల్ల చీరలో వచ్చేవారు. ఫార్ములాల జోలికి ఎక్కువ వెళ్ళేవారు కారు. "మీరు లెక్చరర్లు కాబోవడం లేదు. మీ వంటింట్లో ఏం జరుగుతోందో, మీ ఒంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే చాలు" అనేవారు. నాకు అది చాలలేదు. ఆమె వారానికి ఒక పాఠం చెబితే, నేను గ్రంథాలయంలో మూడు పాఠాలు ముందుకు వెళ్ళి కూర్చునేదాన్ని. ఆకుపచ్చ పుస్తకంలో రసాయన భాగం పది రోజుల్లో అయిపోయింది. జీవశాస్త్రం తెరవగానే మొదటి బొమ్మ కడుపు కోసి పరిచిన కప్ప. చేపలు కోసే ఇంట్లో పుట్టి కప్పకు జంకానంటే ఎవరూ నమ్మరు కానీ, జంకాను. తర్వాత చూద్దాంలే అని పెన్సిలుతో ఆ రెండు ముక్కలూ రాసి పుస్తకం మూసేశాను.

చదివింది ఇంట్లో చూపించకపోతే నాకు అన్నం సయించేది కాదు. ఒక సాయంత్రం అరుగు మీద పళ్ళెంలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, దాని మీద గాజు సీసా బోర్లించాను. మంట చిన్నదై, నీలమై, ఆరిపోయింది.

"ఓలమ్మో! ఈ గుంట దీపం పీక నొక్కీసినాది బావా!" అన్నాడు మావయ్య.

"లోపల ఆక్సిజన్ అయిపోనాది మావయ్యా. దీపానికీ మనకీ ఒకటే గాలి కావాలి. దీపం ఉన్నకాడ మనిషి ఉంటాడు, దీపం ఆరినకాడ మనిషి ఉండడు."

పేటలో పాత బావుల్లో దిగేవాళ్ళు ముందు దీపం దించి చూడటం మావయ్యకు తెలుసు. ఎందుకో మాత్రం అంతకుముందు ఎవరూ చెప్పలేదట. ఆయన మొహం వెలిగిపోయింది. నాన్న మాత్రం వల అల్లే కండె పక్కన పెట్టి అడిగాడు:

"సేపలు కూడా గాలి పీలుత్తాయని మొన్న సెప్పినావు కదే. మరైతే సముద్రంలో దీపమెట్టి సూపించు."

మావయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. పుస్తకంలో లేని ప్రశ్న వేసిన వాళ్ళంతా ఆ రోజుల్లో నాకు మూర్ఖుల్లా కనిపించేవారు.

ఆ వేసవిలో వేట నిషేధం ఎప్పటిలాగే వచ్చింది. అప్పట్లో నెలన్నర. బోట్లన్నీ హార్బరులో ఒకదాన్నొకటి రాసుకుంటూ కదలకుండా పడి ఉండేవి. మా బోటు అడుగున చేపలూ ఐసూ వేసే గది ఒకటి ఉంది. పైన మనిషి పట్టేంత చదరపు మూత, లోపలికి ఇనుప నిచ్చెన. చివరి వేట నుంచి వచ్చిన రోజు ఇంజను పాడైన గొడవలో ఆ గది సరిగ్గా కడగలేదు. అడుగున కరిగిన ఐసు నీళ్ళూ చేప పొట్టూ మిగిలిపోయాయి. మూత బిగించి వచ్చేశారు. నెలన్నర ఎండ.

నిషేధం ముగియడానికి రెండు రోజుల ముందు, పొద్దున్నే అన్నం కేరేజీ పట్టుకుని హార్బరుకు వెళ్ళాను. మావయ్య, నాన్న అప్పుడే మూత తీస్తున్నారు. మురిగిన గుడ్ల కంపు ఒక్కసారి పైకి లేచింది. నేను చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని గట్టు అంచుదాకా వెనక్కి నడిచాను. పడవల మీద వాలి ఉండే కాకులు ఆ పొద్దు మా బోటు మీద ఒక్కటి కూడా లేదు. అది నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

నాన్న బీడీ కాల్చడం ముగించేదాకా ఆగి, మావయ్య మూత పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల లోపలికి పెట్టాడు. నాలుగైదు సార్లు గట్టిగా పీల్చాడు. మొదట మొహం చిట్లించినవాడు, కాసేపటికి తల ఎత్తి నవ్వాడు.

"పోనాది బావా. వాసన మొత్తం పోనాది."

ఆ ముక్కు వాసన పోయిందని చెప్పిందంటే ఇక పోయినట్టే. అయినా నన్ను చూసి, "మా కోడలి సైన్సు కూడా సూసీద్దాం" అన్నాడు. డబ్బాలో కొవ్వొత్తి నిలబెట్టి, నేనే వెలిగించి, నేనే దారం కట్టి లోపలికి దించాను. డబ్బా అడుగుకు తగిలి నిలబడింది. మంట కదలకుండా, శుభ్రంగా వెలుగుతోంది. నా మొదటి ప్రయోగశాల అదే అనుకున్నాను.

"తాడు కట్టుకోరా" అన్నాడు నాన్న.

"కొవ్వొత్తెలగతంటే తాడెందుకు బావా? నీ కూతురి సదువు మీద నీకే నమ్మకం లేదేటి?"

"దాని సైన్సు దానిది, నా తాడు నాది. కట్టుకో."

మావయ్య నాకు కన్ను గీటి, నాన్న మాట కాదనలేక నడుముకు తాడు బిగించుకుని నిచ్చెన దిగాడు. దిగుతూ, "కోడలా, కేరేజీలో ఏటి తెచ్చినావు?" అన్నాడు.

"ఎండు నెత్తళ్ళ పులుసు."

"అబ్బ, మల్లీ ఎండు..."

అంతే. ఆ మాట పూర్తి కాలేదు. తడి గోనె సంచి పడ్డట్టు చప్పుడైంది.

నేను మూత అంచు మీంచి వంగి చూశాను. మావయ్య పక్కకు తిరిగి పడి ఉన్నాడు. ఆయన చెంపకు జానెడు దూరంలో కొవ్వొత్తి ఇంకా అలాగే, శుభ్రంగా వెలుగుతోంది. దాని వెలుగులోనే ఆయన కనురెప్పలు సగం తెరుచుకుని ఉండటం కనిపించింది. దీపం ఉన్నకాడ మనిషి ఉంటాడని చెప్పినదాన్ని నేను. దీపం ఉంది. అప్పటికే నాన్న తాడు వదిలేసి నిచ్చెన మీద ఒక కాలు పెట్టేశాడు. నేను రెండు చేతులతో ఆయన లుంగీ, నడుమూ కలిపి పట్టుకున్నాను.

"వదలే! ఆడు సచ్చిపోతాడే!"

"దిగొద్దు నాన్నా! కొవ్వొత్తి అబద్ధం! తాడు లాగు, తాడు!"

ఎందుకు అబద్ధమో నాకు తెలియదు. అబద్ధమని మాత్రం కళ్ళెదుట కనబడుతోంది. పక్క బోటు మీది ఇద్దరు దూకి వచ్చారు. నలుగురం కలిసి లాగాం. మూత అంచుకు మావయ్య భుజం ఒరుసుకుని పైకి వచ్చేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి. గట్టు మీద వెల్లకిలా పడుకోబెట్టి నాన్న ఆయన ఛాతీ మీద చరుస్తూ తిడుతూనే ఉన్నాడు. ఎంతకో ఒక దగ్గు వచ్చింది. కేరేజీ ఎప్పుడు తన్నుకు పడిందో, పులుసంతా గట్టు మీద పారింది. మావయ్య కళ్ళు తెరిచి దాని వైపే చూశాడు.

తొమ్మిది రోజులు ఆసుపత్రి. ఆ ఆదివారం దువ్వాడ వెళ్ళి మేడమ్‌కు చెప్పాను. "రెండో సగం చదివావా?" అని అడిగారు. లేదన్నాను. కప్ప సంగతి చెప్పడానికి నోరు రాలేదు. అప్పుడు ఆమె నెమ్మదిగా చెప్పారు. మురిగిన చేపల నుంచి పుట్టే ఆ వాయువు గాలిలోని ఆక్సిజన్‌ను తినేయదు. ఆక్సిజన్ లోపలికి వెళుతుంది, నెత్తుటిలోకీ వెళుతుంది. ఒంట్లోని కణాలు మాత్రం దాన్ని వాడుకోలేకుండా అయిపోతాయి. మంటకు ఆ బాధ లేదు. "దీపానికి కణాలు లేవమ్మా" అన్నారు. ఇంకొకటి కూడా చెప్పారు. ఆ వాయువు కొంచెముంటే కంపు కొడుతుంది, ఎక్కువైతే ముందు ముక్కును చంపుతుంది. వాసన పోయిందంటే గాలి బాగుపడిందని కాదు. బస్సులో తిరిగి వస్తూ నాన్న అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. సముద్రంలో దీపమెట్టి సూపించు. బతికున్నదీ మండేదీ ఒకటి కాదని ఆయన ఎగతాళిగానైనా అన్నాడు. నేను వినలేదు.

మావయ్య బతికాడు. ముక్కు మాత్రం తిరిగి రాలేదు. బొగ్గు పొడి లేదు, డీజిలు లేదు, వాన ముందటి ఇనుము లేదు. అత్త అలవాటు కొద్దీ చేప మొప్ప ఎత్తి ఆయన ముందు పెట్టి, గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకునేది. ఆయన మాత్రం వచ్చినవాళ్ళందరికీ ఒకటే కథ చెప్పేవాడు: "మా కోడలు కొవ్వొత్తి దించబట్టి కదా సీకట్లో నాను కనబడినాను, లేపోతే పోదును." ఇరవై ఏళ్ళు ఆ కథను నేను సరిదిద్దలేదు. పేటలో చదువుకున్న పిల్లనన్న పేరు దాని మీదే నిలబడింది.

ఆకుపచ్చ పుస్తకాన్ని అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. ఆ సాయంత్రమే మావయ్య ముందు పెట్టి, పెన్సిలు రాత చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన పేజీ మీద వేలు పెట్టి చూశాడు.

"తెల్సులేవే. ఆసుపత్రిలో డాట్రుగారే సెప్పినారు" అన్నాడు. "నీ కొవ్వొత్తొక్కటేనేటి? నా ముక్కు కూడా అబద్ధమాడినాది కదా. ఆ సంగతి పదిమందిలో సెప్పుకోలేక, నీ పేరు సెప్పుకున్నాను."

ఇప్పుడాయన మా పక్క ఇంట్లోనే ఉంటాడు. పోర్టు వైపు నుంచి గాలి తిరిగిన ప్రతిసారీ గుమ్మంలోకి వచ్చి అడుగుతాడు: "కోడలా, ఏటైనా వాసనొత్తందేటి?" ఏమీ రావట్లేదని చెబుతాను. ఆయన నిశ్చింతగా వెళ్ళి కూర్చుంటాడు. నేను మాత్రం బొగ్గు పొడి వాసనైనా తగల్లేదని గుబులు పడి వీధిలోకి వెళ్ళి, అత్త గంప మీదికి వంగి, చేప వాసన తగిలేదాకా పీల్చి, అప్పుడు లోపలికి వస్తాను. ఏళ్ళు గడిస్తే ఏదైనా అలవాటైపోతుందని అందరూ ఓదార్పుగా అంటుంటారు. అలవాటు కావడమంటే ఏమిటో ఆ పొద్దు ఐసు గది మూత దగ్గర చూశాను. అందుకే ఈ ఇరవై ఏళ్ళనూ నేను ఇంకా అలవాటు కానివ్వలేదు.