పచ్చరంగు కూజా

నా చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. వన్ టౌన్‌లో మా వీధి నిండా ధనియాలు, మిర్చి గోడౌన్లు, తోపుడుబళ్లు, దుమ్ము. ఒకరోజు బడికి వెళ్లొస్తే రెండు రోజులు మంచం మీదే ఉండేదాన్ని. అందుకని మా నాన్నమ్మే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని అక్షరాలు నేర్పింది. మా ఇల్లు కాక నేను వెళ్లే చోటు ఎదురుగా ఉన్న మా ప్రార్థన మందిరం ఒక్కటే.

దాన్ని ఎప్పుడు కట్టారో నాన్నమ్మకి కూడా తెలియదు. మూరన్నర మందం సున్నపు గోడలు, టేకు దూలాలు, ఎత్తైన కిటికీలు. మే నెలలో కూడా లోపలికి అడుగు పెడితే అరికాళ్లకి చల్లగా తగిలేది. నాకు ఊపిరి హాయిగా ఆడేది అక్కడే.

నాకు ఐదేళ్లప్పుడు ఆయాసం ముదిరి, ఇక దక్కనని అనుకున్నారట. దేవుడు దక్కించాడు. ఆ కృతజ్ఞతతో మా నాన్నగారు మందిరం పడమటి గోడకి లోపలా బయటా దగ్గరుండి సిమెంటు పూత వేయించారు. పాత సున్నం పెచ్చులుగా రాలుతుంటే చూడలేక చేసిన పని అది. పైన నున్నగా ఆయిల్ పెయింటు కూడా కొట్టించారు. అందరూ మెచ్చుకున్నారు.

మూడు నాలుగు వానాకాలాలు గడిచేసరికి ఆ గోడ ఉబ్బింది. వేలితో నొక్కితే లోపల ఇటుక తడి పిండిలా రాలేది. ఇక ఆ కట్టడం నిలవదని సంఘ పెద్దలు తేల్చారు. మొత్తం పడగొట్టి, పటమటలో కట్టిన కొత్త మందిరంలాగా స్లాబు వేసుకుందామన్నారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక తీర్మానం చేయాలనుకున్నారు.

నాకు ఆ వారమంతా అన్నం సహించలేదు. మందిరం అందంగా కనిపిస్తే పడగొట్టరేమో అనిపించింది. గోడకి నేనేమీ చేయలేను. గుమ్మం పక్కన, వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగడానికి మట్టి కూజా ఒకటి ఉండేది. ఇంట్లో కిటికీలకి వేయగా మిగిలిన పచ్చరంగు డబ్బా ఉంది. శుక్రవారం ఎవరూ చూడకుండా కూజాకి మెడ నుంచి అడుగు దాకా రంగు పూసి, శనివారం ఇంకో పూత వేశాను. చూడ్డానికి భలే ఉంది. ఆదివారం పొద్దున్నే నేనే నీళ్లు నింపాను.

ఆ రోజే మా వెనక వీధి మేస్త్రీ తాతని పిలిపించారు. ఆయన సాయిబుగారు. వన్ టౌన్‌లో పాత మేడలు చాలావాటికి ఆయన, అంతకుముందు వాళ్ల నాన్నగారు మరమ్మతులు చేసినవాళ్లే. పడగొట్టే కూలీల్ని ఆయన ద్వారా కుదుర్చుకోవాలని పెద్దల ఉద్దేశం. ఆరాధన అయ్యేదాకా ఆయన అరుగు మీద ఓపిగ్గా కూర్చున్నారు.

ఆరాధన ముగిసి అందరూ నీళ్ల కోసం కూజా దగ్గరికి వచ్చారు. తాగినవాళ్లు తాగినట్టే నీళ్లు వెచ్చగా ఉన్నాయని మొహం చిట్లించారు. టీ పొడి వేయడం ఒక్కటే మరిచారని ఒక పెద్దమ్మగారు ఎగతాళి చేసింది. నాన్నమ్మ నా గోళ్లలో పచ్చరంగు చూసి చెవి పట్టుకోబోయింది. మేస్త్రీ తాత ఆగమని చెయ్యెత్తారు. మా ఇంట్లోని మామూలు కూజా తెప్పించి, పెద్దలందరి చేతా రెండింట్లోని నీళ్లూ తాగించారు. అప్పుడు ఆరాధన జరిపించిన అయ్యగారి వైపు తిరిగారు.

“పాపని ఏమీ అనకండి. ముద్దొచ్చి వేసింది. మట్టికి చెమట పడితేనే కదండీ నీళ్లు చల్లబడేది, రంగేసి దాని ఒళ్లంతా మూసేసింది. మీ గోడకీ ఇదే జరిగింది. సున్నం గోడ తాగిన తడి మళ్లీ వదిలేస్తుంది. మీరు దానికి సిమెంటు చొక్కా తొడిగి గుండీలు పెట్టేశారు.”

ఈ రోజుల్లో సున్నం తమలపాకుకే గానీ గోడలకెక్కడిదని ఒక పెద్దాయన నవ్వారు. ఆ తమలపాకు సున్నమే మీ తాతల కాలం నుంచి మీ నెత్తి మీద కప్పు మోస్తోందని మేస్త్రీ తాత కూడా నవ్వుతూనే అన్నారు. ఆ మాటతో అందరి చూపూ మా నాన్నగారి మీదికి వెళ్లింది. ఆయన లేచి నిలబడ్డారు.

“దాన్ని పాడు చేసింది నేను. బాగు చేసేదీ నేనే. ఒక్క వానాకాలం ఆగండి.”

ఆగారు. నాన్నగారు రోజూ పని నుంచి వచ్చి, వెలుగున్నంతసేపు ఉలి, సుత్తి పట్టుకుని తను వేయించిన సిమెంటు తనే చెక్కారు. మేస్త్రీ తాత పెరట్లో గుంట తీసి సున్నం నానబెట్టారు. అది బాగా మాగాక ఇసుక కలిపి, బెల్లం నీళ్లు, కరక్కాయలు నానిన నీళ్లు పోసి వెన్నలా అయ్యేదాకా దంచారు. సున్నానికి తొందర పనికిరాదని రోజుకోసారైనా అనేవారు. కొత్త పూత మీద కట్టిన గోనెపట్టాలు ఆరకుండా తడపడం నా పని. ముక్కుకి గుడ్డ కట్టుకుని పొద్దునా సాయంత్రం తడిపాను.

ఆ ఏడు వాన నాలుగు రోజులు వదలకుండా కురిసింది. గోడ నల్లగా తడిసిపోయింది. నేను ప్రార్థనలో మోకాళ్ల మీద నుంచి లేవలేదు. ఐదో రోజు ఎండ కాసింది. తడి మరక అంచుల నుంచి కొద్దికొద్దిగా కుదించుకుపోయి, ఆదివారానికి అరచేయంత మిగిలింది. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి ఆనించి చూశారు. తీర్మానం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నాన్నగారు లేరు, మేస్త్రీ తాత లేరు. మా వీధిలో పాత మేడలన్నీ కాంప్లెక్సులయ్యాయి. మందిరం గోడలకి టైల్సు అంటిద్దామని కుర్రవాళ్లు రెండుసార్లు వచ్చారు. వాళ్లదీ ప్రేమే, నాకు తెలుసు. నేనూ ప్రేమతోనే కూజాకి రంగు పూశాను. ప్రేమించినదానికి ఏం కావాలో దాన్నే అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. అది నేర్పినవారికి నా ప్రార్థనలో రోజూ వందనాలు చెప్పుకుంటాను.

ఆ పచ్చ కూజా ఇంకా నా దగ్గరే ఉంది. ఆ గోడ దగ్గర ఎవరైనా సిమెంటు మాటెత్తితే నేను వాదించను. రెండు కూజాలూ నింపి తెచ్చి, ముందు నీళ్లు తాగమంటాను.