పిన్నులు కొట్టిన పేజీలు

భానుప్రకాశన్న చేతిలో పడిన పుస్తకం పిన్నులు పడకుండా బయటికి రాదు. చదువుతుంటే భయం పుట్టించే ఘట్టం ఏదొచ్చినా సరే, స్టాప్లర్ తీసి ఆ పేజీలన్నీ కలిపి టకటకా పిన్నులు కొట్టేస్తాడు. పైన చిన్న చీటీ అంటిస్తాడు: "ఇందులో పాము. పక్కన మనిషి ఉన్నప్పుడు విప్పుకోగలరు."

అన్న ధరూర్‌లో ఒక సర్కారు ఆఫీసులో రికార్డుల గుమాస్తా. ఉండేది గద్వాలలో, మా వీధిలోనే. యాభై దాటిన మనిషి. తిరిగే ఫ్యానుకు భయం, తిరగని ఫ్యానుకు ఇంకా భయం. బస్సులో ముందు సీట్లో కూర్చోడు, మనం గుద్దుతామని. వెనక సీట్లో కూర్చోడు, మనల్ని గుద్దుతారని. అట్లాంటి మనిషి చదివేవన్నీ మాయలూ మంత్రాలూ ఉన్న నవలలు, కాకపోతే రాజులూ యుద్ధాలూ.

"కుటుంబ కథలు చదవొచ్చు గదన్నా?" అని ఒకసారి అడిగాను.

"వద్దు చెల్లె. అవి నిజమైతయి. రాక్షసుడైతే మన గల్లీకి రాడు."

మా పుస్తకాల జట్టు నలుగురిది. నేను, అన్న, వనపర్తిలో జిరాక్స్ షాపు నడిపే సురేష్, నాగర్‌కర్నూల్‌లో ఉండే నవనీత. ఒకరికి నచ్చింది మరొకరికి పంపుకుంటాం. నెలకోసారి సురేష్ షాపు వెనక గదిలో కలుస్తాం. ఏ పుస్తకం గురించి చెప్పినా అన్న మొదటి ప్రశ్న ఒకటే.

"ఇందుల ఎంతమంది సస్తరు?"

"కోట ముట్టడి గదన్నా, సస్తరు," అంటాడు సురేష్.

"పేరున్నోళ్లు ఎంతమంది?"

సురేష్ వేళ్లు మడిచి చెప్పాలి. ఐదు దాటితే అన్న మంచినీళ్లు అడుగుతాడు. అయినా పుస్తకం తీసుకుపోతాడు. అది తిరిగొచ్చేసరికి దానికి ఇనుము బరువు వస్తుంది.

"ఏందన్నా గిది," అని సురేష్ ఒకసారి లబోదిబోమన్నాడు. "వీరుడు అడవిల అడుగు పెడుతుండు, పిన్ను. పిన్ను దాటినంక చూస్తే పెండ్లి. నడుమ ఏమైందో నాకెట్ల తెలుస్తది?"

"పెండ్లయింది గద. ఇంకేం తెల్వాలె నీకు?"

నిరుడు ఎండాకాలంలో నవనీతకు ఏడో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. భర్త శ్రవణ్ కుమార్ పొద్దున డ్యూటీకి పోతే, అత్త చంద్రమ్మ తప్ప ఇంట్లో పలకరించే మనిషి ఉండదు. "అక్కా, మంచి లావు పుస్తకం ఏదన్న చెప్పు. పడుకుంటే పాడు ఆలోచనలొస్తున్నయి," అని ఫోన్ చేసింది.

నేను వెంటనే ఒక చారిత్రక నవల చెప్పాను. ఒక రాణి కథ. నేను చదివి పదేళ్లయింది. మొదలుపెడితే వదలవని గట్టిగా చెప్పాను. పుస్తకం అప్పుడు భానుప్రకాశన్న దగ్గరుంది.

"నవనీతకు పంపన్నా," అన్నాను.

"ఇయ్య."

"ఎందుకియ్యవు?"

"ఇంకా చదువుతున్న."

మూడు వారాలు అదే మాట. నేను ఎదురొస్తే గల్లీ మళ్లిపోయేవాడు. ఒకరోజు కూరగాయల బండి దగ్గర పట్టుకుని కడిగేశాను. "మంచం మీద ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే గింత పిసినారితనమా అన్నా?" అన్నాను. అన్న తలొంచుకుని, చేతిలోని వంకాయలు కూడా అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

ఆ వచ్చే సోమవారం నవనీత మెసేజ్ పెట్టింది. రెండు రోజుల కింద అన్న తనే బస్సులో వచ్చి పుస్తకం ఇచ్చిపోయాడట. నేను గెలిచానని సంతోషపడ్డాను. సంగతి సురేష్‌కు ఫోన్లో చెప్పాను.

సురేష్ పుస్తకం పేరు మళ్లీ అడిగాడు. "పద్మక్కా, గా పుస్తకం ఎట్ల చెప్పినవు? నడిమిట్ల రాణికి బిడ్డ పురిట్లనే పోతది గద."

పదేళ్ల కింద చదివిన ఆ పేజీలు ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. చీకటి గది, తుడిచిన నేల, ఖాళీ ఊయల. నవనీతకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. శ్రవణ్‌కు చేశాను, స్విచాఫ్. పొద్దున్నే బస్సెక్కాను. వనపర్తి దాకా తొమ్మిదిసార్లు చేశాను. మోగి మోగి ఆగిపోయేది. పక్కసీటు ఆవిడ నేను మళ్లీ మళ్లీ నంబరు నొక్కడం చూసి, "దవాఖానకు పోతున్నవా బిడ్డా?" అని అడిగింది.

తలుపు తీసింది చంద్రమ్మ. ముఖం పీక్కుపోయి ఉంది.

"నిన్న నొప్పంటే దవాఖానకు తోల్కపోయినం. ఇప్పుడే వచ్చినం."

నేను ఆమె భుజం మీదుగా లోపలికి చూశాను.

"ఏం లేదన్నరు. బిడ్డ మంచిగనే ఉన్నదట. ఫోన్లు ఇంట్లనే మర్సిపోయినం. లోపలికి రా."

నవనీత దిండుకానుకుని ఉంది. పక్కనే పుస్తకం. నేను లాక్కున్నట్టే తీసుకుని నడిమికి తెరిచాను. ముప్పై పేజీలకు మూడు అంచులా పిన్నులు. వాటికి ముందు, గీతల కాయితాల మీద అన్న గుండ్రటి చేతిరాతతో పన్నెండు పేజీలు అతికించి ఉన్నాయి.

అన్న రాసిన కథలో రాణి వేళకు ఐరన్ గోలీలు మింగింది. ఏడుగురు మంత్రసానులు వచ్చారు, అందరూ చేతులు సబ్బుతో కడుక్కున్నారు. బిడ్డ మూడున్నర కిలోలు. ఆ బిడ్డ ఏడుపు విని శత్రువులు యుద్ధభేరి అనుకుని గుర్రాలు వదిలేసి పారిపోయారు. శత్రురాజు మరునాడు క్షమాపణ చెప్పి ఊయల పంపాడు. ఈ పన్నెండు పేజీల్లో ఒక్కరూ చావలేదు. ఒక గుర్రానికి మాత్రం కాలు బెణికింది. అదీ తగ్గిందట.

"అసలుది నువ్వు చదవలేదు గద?" అన్నాను.

"మొదటిరోజే పిన్నులు పీకి చదివిన అక్కా."

"భయం కాలేదా?"

"అయింది. మస్తు ఏడ్చిన. మా ఇంట్ల ఎవ్వరు నా ముందట పోయిన పిల్లల ముచ్చట తీయరు. గా రాణితోనే ఏడ్చిన. మల్ల పిన్నులు కొట్టిన, అన్నకు తెలిస్తే పరేషాన్ అయితడు." కాయితాల మీద చెయ్యి వేసింది. "కానీ నిన్న దవాఖానల బెదురు పుట్టినప్పుడు గివే చదువుకున్న. డాక్టరమ్మ ఎందుకు నవ్వుతున్నవంటే ఆమెకూ చదివి చెప్పిన. సబ్బు సంగతి ఆమెకు మస్తు నచ్చింది."

గద్వాల చేరగానే అన్న ఇంటికి పోయాను. కూరగాయల బండి దగ్గర తిట్టినందుకు మన్నించమన్నాను. అన్న అదేమీ వినలేదు.

"నా రాత చూసి తిట్టిందా?" అన్నాడు భయంభయంగా.

"లేదన్నా."

"పన్నెండు పేజీలకు మూడు వారాలు పట్టింది చెల్లె. బిడ్డను ఏడిపించనీకే నాలుగు రోజులాయె. ఎట్ల రాసినా గుండె దడదడలాడె."

నవనీతకు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటోనాడు అందరం పోయాం. బిడ్డను ఎత్తుకొమ్మంటే అన్న గోడకు అతుక్కుపోయాడు. "నావల్ల కాదు, జారితే ఎట్ల," అన్నాడు. చంద్రమ్మ వినలేదు. చాప మీద కూర్చోబెట్టి ఒళ్లో పడుకోబెట్టింది. బిడ్డ అన్న చూపుడువేలు పట్టుకుని నిద్రపోయింది.

భోజనాలయ్యాయి. సురేష్ బస్సు టైమైందన్నాడు. అన్న కదల్లేదు.

"లెవ్వన్నా," అన్నాను.

"నిమ్మళంగ మాట్లాడు," అన్నాడు పెదవులు కదపకుండా. "కాలు మొద్దుబారి గంటైంది. మీరు పోండ్రి. నేను రేపొస్త."